జరీ అంచు దెయ్యం

నా జీవితంలో నేను దెయ్యం కావాలనుకున్నది ఒకే ఒక్క రోజు. అది కూడా సవ్యంగా కానివ్వలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, దేశం కాని దేశంలో ఉండేదాన్ని. వన్-నార్త్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, టాంపినీస్‌లో ఒక గుంటూరు కుటుంబం ఉండే ఫ్లాట్‌లో అద్దెకు ఒక గది. ఆ ఇంటావిడను ఆంటీ అనేదాన్ని. ఆవిడ నన్ను మామూలుగా పిల్లా అనేది, కోపం వస్తే ఏమే అనేది.

ఆఫీసులో మా టీమ్ పదకొండు మంది. ఇండియా నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో నాకు ఇంకో ఉద్యోగం కూడా అంటగట్టారు. దీపావళికి రిసెప్షన్ ముందు ముగ్గు నేనే వేయాలి. బొట్టు ఎందుకు పెట్టుకుంటారో నేనే చెప్పాలి. లంచ్ బాక్సులో గోంగూర పచ్చడి కనిపిస్తే అది ఏ ఆకుతో చేస్తారో, దాని వెనక ఉన్న సంప్రదాయం ఏమిటో, ఏ పండక్కి తింటారో చెప్పాలి. "ఏ పండక్కీ కాదు, ఫ్రిజ్‌లో ఇదే ఉంది" అంటే వాళ్ల మొహాలు చిన్నబోయేవి. దాంతో నేనే ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. అలా రెండేళ్లు దేశం మొత్తాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగి విసిగిపోయాను.

అందుకే అక్టోబరులో హెచ్ఆర్ అమ్మాయి హాలోవీన్ పార్టీ అంటూ మెయిల్ పంపగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది నా పండగ కాదు. దీని గురించి నన్నెవరూ ఏమీ అడగరు. పదిమందితో పాటు నేనూ ఒక పిచ్చివేషం వేసుకుని నవ్వుకోవచ్చు. ఎవరికీ ఏమీ వివరించక్కర్లేని ఒక్క సాయంత్రం దొరికితే చాలనుకున్నాను.

షాపుల్లో అమ్మే వేషాలు చూశాను. దోమతెరకు వాడే గుడ్డలాంటిది కుట్టి, దాని మీద ఎముకల బొమ్మ అచ్చేసి, మంచి చుడీదార్ సెట్టు ఖరీదు చెప్పారు. ఒళ్లు మండింది. అయినా మనకు దెయ్యాలకు కరువా? తెల్లచీర, విరబోసిన జుట్టు, కాళ్లకు గజ్జెలు. మా కాకినాడలో ఏ పిల్లాడికి చూపించినా పక్క తడుపుతాడు. గజ్జెలు నా పెట్టెలోనే ఉన్నాయి, జుట్టు నెత్తి మీదే ఉంది, ఇక కావలసింది చీర ఒక్కటే. ప్రపంచంలో ఎవరికైనా తెల్లచీర అంటే దెయ్యమే అని మనసా వాచా నమ్మేశాను. ఇంత చదువు చదివి అంత గుడ్డిగా ఎలా నమ్మానో ఇప్పటికీ తెలియదు.

చీర కోసం ఆంటీని అడిగాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"తెల్లచీరా? ముత్తయిదువ ఇంట్లో తెల్లచీరలుంటాయటే? శుభం పలకరా మంకెన్నా అంటే అన్నట్టుంది నీ యవ్వారం. పెళ్లి కావాల్సిన పిల్లవి, ఇంకో యేషమే దొరకలేదా నీకు?"

"ఉత్తి వేషమే కదాంటీ. రెండు గంటల ముచ్చట."

"తథాస్తు దేవతలకి రెండు గంటలేందే, రెండు నిమిషాలు చాలు."

ఆ సాయంత్రమంతా బతిమాలితే ఆవిడ మెత్తబడింది. మెత్తబడి, బీరువాలోంచి అంకుల్ పంచె తీసింది. సత్యనారాయణ వ్రతానికి కట్టుకునే నూలు పంచె. రెండు వేళ్ల వెడల్పు జరీ అంచు మిలమిలా మెరుస్తోంది.

"అంచుంటే దోషం లేదు, తీసుకో" అంది ఆంటీ.

దెయ్యానికి జరీ ఎందుకండీ అని అడగాల్సింది. అడగలేదు. సోఫాలో ఉన్న అంకుల్ నా వంక జాలిగా చూసి మళ్లీ ఫోన్‌లో తల దూర్చారు. ఆ ఇంట్లో ఆంటీకి ఎదురు చెప్పి బాగుపడినవాళ్లు లేరని ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసు.

పార్టీ శుక్రవారం సాయంత్రం. మధ్యాహ్నం సగం పూట సెలవు పెట్టి ఇంటికొచ్చి తయారవడం మొదలుపెట్టాను. పంచెను చీరలా చుడితే కుచ్చిళ్లు నాలుగే వచ్చాయి, పైట మోచేతి దగ్గర ఆగిపోయింది. దెయ్యమే కదా, పరవాలేదు. మొహానికి పౌడర్ దట్టించాను. కళ్ల చుట్టూ కాటుక పూసి వేలితో చెరిపాను. అద్దంలో చూసుకుంటే నాకే భయమేసింది. అంత సంతోషం నాకు ఆ ఊళ్లో ఎన్నడూ కలగలేదు.

గదిలోంచి బయటికి రాగానే ఆంటీ ఎదురైంది.

"శుక్రవారం పూట, బోసి నుదురుతో, నా గుమ్మం దాటి పోతావటే?"

బొట్టు పెట్టింది. సరే, చిన్నదే కదా, జుట్టు కప్పేస్తుంది అనుకున్నాను. వెంటనే జుట్టు మీద పడింది. ఆడపిల్ల తల విరబోసుకుని వీధిలోకి పోకూడదట. చివర ముడేస్తే దోషం లేదట. ముడేసింది. ముడి ఉత్తగా ఉండకూడదని ఫ్రిజ్‌లోంచి మూరెడు మల్లెపూలు తీసి తురిమింది. కాటుక చెదిరిందని తన పైటచెంగుతో అంచులు తుడిచి కళ్లు తీర్చింది. నేను కొయ్యబొమ్మలా నిలబడ్డాను. లోపల మాత్రం కుతకుతా ఉడికిపోతున్నాను. కానీ ఏమనను? కొత్తగా వచ్చినప్పుడు జ్వరంతో పడుంటే మూడు రోజులు చారన్నం కలిపి నోట్లో పెట్టిన చెయ్యి అది. ఆ చేతిని విదిలించుకోవడం నాకు చేతకాలేదు.

"ఇప్పుడు చూడు, లక్ష్మీదేవిలా ఉన్నావ్" అంది ఆంటీ.

ట్రైన్‌లో దెబ్బ మొదలైంది. పక్క సీట్లోని చైనీస్ ముసలావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, బొటనవేలు ఎత్తి, "వెరీ ప్రిటీ ఆ!" అంది. దిగాక అన్నీ పీకేద్దామనుకున్నాను. ఆఫీసు గేటు దగ్గరే మా వాళ్లు ఎదురై గుంపుగా లోపలికి లాక్కుపోయారు. ఇక పీకే తీరిక ఎక్కడ?

లోపల ఒకడు నెత్తిలో కత్తి గుచ్చుకున్నట్టు అట్టముక్క పెట్టుకున్నాడు. ఒకమ్మాయి ఒళ్లంతా టమాటా సాస్ పూసుకుని నర్సయింది. మా టీమ్ లీడ్ మంచం మీది దుప్పటికి రెండు కంతలు చేసి కప్పుకొచ్చాడు. అతను దెయ్యమని అందరికీ ఒక్క చూపులో తెలిసిపోయింది. ఒక్కరూ ఏమీ అడగలేదు.

నన్ను చూసి హెచ్ఆర్ అమ్మాయి చెంపల మీద చేతులు వేసుకుంది.

"ఓ మై గాడ్, సో బ్యూటిఫుల్! దీపావళి డ్రెస్ కదా? సెలబ్రేషన్ నెక్స్ట్ వీక్ లా! పరవాలేదు, పరవాలేదు, రెండూ కలిపి చేసేద్దాం!"

మాట చివర 'లా' తగిలించడం అక్కడివాళ్ల అలవాటు. ఆ అమ్మాయి బల్ల కింది నుంచి దీపావళికని కొని దాచిన ప్రమిదలు తీసింది. నన్ను వాటి పక్కన నిలబెట్టింది. నా పక్కన కత్తివాడు, నర్సు, దుప్పటి. ఒక ఫోటో, ఇంకో ఫోటో. ఆ తర్వాత రానే వచ్చింది.

"ఈ గోల్డ్ బార్డర్‌కి అర్థం ఏంటి?"

నేను దెయ్యాన్ని. ఆ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. అందరూ నవ్వేవాళ్లు, అక్కడితో తెమిలిపోయేది. నోరు తెరిచాను. నా నోరు నన్ను అడగకుండానే రెండేళ్ల అలవాటు ప్రకారం వాగడం మొదలుపెట్టింది. బంగారు రంగు సంపదకు గుర్తు, తెలుపు శాంతికి గుర్తు, మల్లెపూలు స్వచ్ఛతకు గుర్తు. గజ్జెల చప్పుడు చెడును తరిమేస్తుందని కూడా చెప్పాను. అందరూ వినయంగా తలలూపారు. దుప్పటి కూడా కంతల్లోంచి చూస్తూ తలూపింది.

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆంటీ మీద కోపం, హెచ్ఆర్ మీద కోపం, జరీ మీద కోపం, అన్నింటికన్నా ఆ వాగుడు మీద కోపం. నన్నెవరూ బలవంతపెట్టలేదు. వివరించక్కర్లేని సాయంత్రాన్ని నా చేతులారా నేనే కాలరాసుకున్నాను.

బాత్రూమ్‌లోకి పోయి ముడి విప్పేశాను. జుట్టంతా ముందుకు పడింది. సింకు మీదికి వంగి కళ్లు కడుక్కుంటూ కోపంగా కాలు నేలకేసి కొట్టాను. గజ్జెలు ఘల్లుమన్నాయి. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

"అమ్మో! దెయ్యం!"

తుడుపు కర్ర నేల మీద పడిన చప్పుడు. తలెత్తి చూస్తే మా ఫ్లోర్ శుభ్రం చేసే పెద్దావిడ గోడకు అతుక్కుపోయి ఉంది. రెండేళ్లుగా రోజూ చూసి తలాడించేదాన్ని, ఎన్నడూ పలకరించింది లేదు. ఆవిడ తెలుగు మనిషని ఆ కేకతోనే తెలిసింది.

"నేనేనండీ, భయపడకండి" అన్నాను. అంటూనే నవ్వొచ్చేసింది. ఆ సాయంత్రం మొత్తంలో నన్ను చూసి జడుసుకున్న మనిషి ఆవిడొక్కతే. వెళ్లి వాటేసుకుందామనిపించింది.

"నువ్వు తెలుగా పిల్లా? మా తాత వైజాగ్ నించి కప్పల్లో, అదే ఓడలో, వచ్చినారు. నేను ఇక్కడే పుట్టినా" అంది ఆవిడ గుండె రాసుకుంటూ, తమిళం కలిసిన తెలుగులో. "హాలోవీన్ యేసమా? అయ్యో కడవులే, దేవుడా, నా పేణం పోయింది లా!"

కర్ర తీసుకుని దగ్గరికొచ్చింది. నా మొహం మీది జుట్టు పక్కకు తీసింది. బొట్టు చూసింది. చెవి పక్కన వేలాడుతున్న మల్లెపూలు చూసింది. కిందికి వంగి జరీ అంచు పట్టుకుని చూసింది. ఏమీ అర్థం కానట్టు నిలబడి, నన్ను ఆ రోజు ఇంకెవరూ అడగని ప్రశ్న అడిగింది.

"సరే పిల్లా, దెయ్యానికి బొట్టెట్టి, పూలెట్టి పంపినది ఎవరు?"

"మా ఆంటీ" అన్నాను.

ఆ సాయంత్రం నేనిచ్చిన వివరణల్లో నిజమైనది అదొక్కటే. ఆవిడ ఇంకేమీ అడగలేదు. గోడకు చేరగిలి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.