నా గినీపిగ్ గుండె

గుండెపోటు వచ్చి లేచాక కూడా రెండు సాంచలు ఒక్కణ్ణే నడిపినవాణ్ణి నేను. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచ అంటారు. మా నేతవాడలో, అశోక్ చౌక్ చుట్టుపక్కల ఇప్పటికీ ఈ సంగతి చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

తొంభైల్లో మాట. డాక్టరు సాంచ పని మానేయమన్నాడు. దుప్పట్లు నేయడం తప్ప నాకింకేమీ రాదు. గోడ అవతల కార్ఖానా చప్పుడు వింటూ ఇంట్లో కూర్చోవడం నావల్ల కాలేదు. మా ఆవిడ మాత్రం చాటలో బీడీలు చుడుతూ, తలెత్తకుండానే, "పోతే నా పీనుగు మీదికెళ్లి పో" అనేది.

పక్కింటి అమ్మాయి మెడికల్ కాలేజీలో చదివేది. ఒక సాయంత్రం మా గడప మీద కూర్చుంటే అడిగాను, చచ్చిన గుండె కండ మళ్లీ వస్తుందా అని.

"రాదు కాకా. ఎలుకలకు గుండె నాళం కట్టేసి చూసిన్రు. ఆ జాగల కండ సచ్చి మచ్చ కడ్తది. మచ్చ పట్టుకోని ఉంటది గాని కొట్టుకోదు."

"అన్ని ఎలుకలకు గంతేనా?"

"గినీపిగ్‌కు గట్ల గాదు. దాని గుండెల పక్కదార్లు మస్తుంటయ్. ఒక నాళం బంద్ చేస్తే ఇంకోదాంట్లకెళ్లి రక్తం పోతది. కండ సావదు."

"మరి మనిషికి?"

"మనిషికీ మనిషికీ ఫరక్ ఉంటది. మెల్లమెల్లగ మూసుకపోతే ఒక్కోసారి పక్కదార్లు పడ్తయ్."

నాకు ప్రాణం లేచొచ్చింది. కంపెనీవాళ్లు తిరగ్గొట్టిన వంకర బీడీలు మా వాడలో మొగుళ్ల వాటా. పెళ్లయినప్పటి నుంచీ మా ఆవిడ వంకర బీడీలన్నీ నేనే కాల్చాను. అంటే నా నాళాలు రోజుకింత చొప్పున, నిదానంగా మూసుకున్నాయన్నమాట!

"నాది గినీపిగ్ గుండె. అంత నీ బీడీల పున్నెమే" అన్నాను ఆవిడతో.

అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "పక్కదార్లు మంచిగుంటే నీకు పోటెందుకొస్తుండె కాకా? ముందు బీడీ బంద్ చెయ్."

"ఈయన్ను గూడ ఆ ఎలుకల బోన్ల పెట్టుండ్రి బిడ్డా" అంది మా ఆవిడ.

మర్నాడు ఆవిడ బీడీలు అప్పజెప్పడానికి పోగానే నేను కార్ఖానాకు బయల్దేరాను.

ఇక్కడ కాస్త నిజం చెప్పాలి. రెండు సాంచలు కాదు, ఒకటే. అదీ నడిపింది నాతో జతగా పనిచేసే జోడీదారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని తెగిన పోగులు ముడివేశాను. ముడిపడ్డ పోగు మళ్లీ నేతలో పడి మామూలుగా పనిచేస్తుంది కదా, గుండె మచ్చ కూడా అంతే అనుకున్నాను. కాదని ఆయాసం చెప్పింది. ఆ తర్వాత మళ్లీ సాంచ ముట్టలేదు. ఇంట్లోనే ఆవిడకు బీడీ ఆకు కత్తిరించి ఇవ్వడం నేర్చుకున్నాను.

ఇంతవరకూ రాసి ఆవిడకు చదివి వినిపించాను. చేతిలో బీడీకి దారం చుట్టడం ముగించి, అప్పుడు మాట్లాడింది.

"ఏం పోగులు ముడేసినవయ్యా? ఆ దినం కరెంటే లేదు. నీ జోడీదారు ఉరికొచ్చి నన్ను పిలిస్తె వచ్చిన. కార్ఖాన మెట్ల మీద కూసోని ఒగరుస్తున్నవ్. లోపలికే పోలే నువ్వు."