బకెట్లకు రైల్వే కోటా

ఖరగ్‌పూర్ ప్రజలకు యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ రోజు మన ఊళ్లో ప్లాస్టిక్ బకెట్లకు కరువొచ్చింది.

మా బావమరిది అప్పలరాజు అద్దెకు తీసుకున్న గోదాము నిండా అమ్ముడుపోని బకెట్లే. సాయంత్రంలోగా ఖాళీ చేయకపోతే రోడ్డు మీద పారేస్తానని గోదాము యజమాని తెగేసి చెప్పాడు. సగం ధరకిస్తామన్నా పొద్దున ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నం తలుపుకి బోర్డు కట్టాం: ‘రైల్వే కోటా. స్టాఫ్‌కి మాత్రమే. ఇంటికి ఒక్కటే.’ అంతే, రైల్వే వాళ్ళుండే ట్రాఫిక్ కాలనీ మొత్తం లైను కట్టింది.

రైల్వే ఉద్యోగమే లేని పక్కింటి సూరమ్మత్త నన్ను చాటుకి లాగింది.

“బాబూ, మాకు రైల్వే నేదు గానీ మీ మావ రోజూ టేసన్ కాడే టీ తాగుతాడు. ఒకటిప్పించవా?”

“ఏటత్తా, రూలంటే రూలే! సర్లే, కొంగు కింద దాసుకుని రెండట్టుకుపో.”

సాయంత్రానికి గోదాములో చీపురు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ కోటా ఏ ఆఫీసూ ఇవ్వలేదు, నా బుర్రలోనే పుట్టింది. కొన్నవాళ్ళు కింద కామెంట్లలో తనివితీరా తిట్టుకోండి. బకెట్లు మాత్రం వెనక్కి తీసుకోం.