తడి కాగితం

ఇసుకరాతి గుట్టలో రాక్షసబల్లి ఎముకలు తవ్వేచోట మా మరదలు లారీ డ్రైవరుతో పోట్లాడి గెలవడం నేను కళ్ళారా చూశాను. "ఆ కాగితాలెందుకమ్మా? ప్లాస్టరు పూసెయ్, ఎత్తుకుపోతాం" అన్నాడతను. "కాగితం లేకపోతే ప్లాస్టరు ఎముకకి అంటుకుంటుంది. ఒలిస్తే పైపొరంతా ఊడొస్తుంది. నీ గడ్డానికి పూసి పీకనా, తెలుస్తుంది?" అంది. అతను గడ్డం పట్టుకుని వెనక్కి తగ్గాడు. మనిషి పుల్లలా ఉంటుంది, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లపిండే. ఎముక మీద తడి కాగితం పరిచి, పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టి, ఆపైన దారిలో ఎముక విరక్కుండా ప్లాస్టరులో ముంచిన గోనె పీలికలు చుడుతుంది. చుట్టేటప్పుడు పిలిస్తే పలకదు. అక్కడ అందరికీ వండిపెట్టే నా పిలుపుకే దిక్కులేదు, ఇక ఎముకలు తవ్వించే పెద్ద చదువుల వాళ్ళెంత!

నిన్న మబ్బు కమ్ముకొచ్చి అందరూ ఆమెను తొందరపెట్టారు. తొడ ఎముక చుట్టడం అయింది, లారీవాళ్ళు తాళ్ళు తెస్తున్నారు. చేతులు కడుక్కోబోయిన మా మరదలు బకెట్టు దగ్గర బిగుసుకుపోయింది. అందులో తడి కాగితాలు తేలుతున్నాయి. పరచగా మిగిలినవో, పరచడం మరిచినవో ఆమెకే గుర్తులేదు. అవతల ప్లాస్టరు గట్టిపడుతోంది.

"ఊరుకోవే, ఎవరు చూశారు?" అన్నాను.

నా వైపు అసహ్యంగా చూసి, కత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఎవరు చూశారన్నావుగా వదినా, నువ్వే చూడు. ఇంకా మెత్తగా ఉన్నచోట కొయ్యి. లోపల కాగితం లేకపోతే గట్టిగా కేకెయ్యి, అందరికీ వినపడాలి."