ముప్పై ఒకటో స్థానంలో మా సార్

నేను ఎవరినీ నొప్పించే మనిషిని కాను. బస్సులో నా కాలు తొక్కినవారికి కూడా నేనే క్షమాపణ చెప్పుకుంటాను. అటువంటి నేను, నాకు పరిశోధన నేర్పిన గురువుదీ, ఆయన పైనున్న శాఖాధిపతిదీ ఒకే మధ్యాహ్నం, ఒకే వ్యాసంలో, అంకెలు వేసి మరీ పరువు తీశాను. అదీ భక్తితో. ఆ ఘోరం ఎట్లా జరిగిందో మనవి చేసుకుంటాను. దయచేసి నవ్వు ఆపుకొని చదవండి. ఆపుకోలేకపోతే మా సార్‌కు వినబడకుండా నవ్వండి.

మాది సిర్గాపూర్ దగ్గరి పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఆ పైన కంది ఎండు తెగులు మీద పరిశోధనకు హైదరాబాద్‌లో చేరాను. "మా అనసూయ డాక్టర్ అయితుంది" అని బాపు ఊరంతా ముందే చెప్పేశాడు. అప్పటికే ఇద్దరు ముసలివాళ్లు వచ్చి నాకు మోకాళ్లు చూపించి పోయారు. అయితే ఆ పట్టా రావాలంటే ఒక శాస్త్ర పత్రిక నా వ్యాసాన్ని అచ్చుకు తీసుకోవాలి. పత్రికవారు వ్యాసం బాగుందన్నారు. చివరనున్న ఆధారాల జాబితా మాత్రం తమ పద్ధతిలో లేదన్నారు. ఐదు రోజుల్లో సరిచేసి పంపకపోతే వ్యాసం తీసుకోమని రాశారు. కింద ఇంకో ఆజ్ఞ: "వ్యాసంలో ఒక్క అక్షరం కూడా మార్చరాదు."

ఈ జాబితా సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. శాస్త్ర వ్యాసంలో ఇంకొకరు కనుగొన్న విషయం రాస్తే, వాక్యం చివర ఒక అంకె వేయాలి. ఆ అంకెవారి పేరు చివరి జాబితాలో ఉంటుంది. వ్యాసంలో ముందు కనబడ్డవారు ఒకటి, తరువాతివారు రెండు. ఇంతే. ఇంత చదునైన నేల మీద ఎవరైనా పడతారా అనుకుంటున్నారు కదా. నేను పడ్డాను.

కంది చేను చూడటానికి ఇంటికి వచ్చి ఉన్నానేమో, సరిగ్గా అప్పుడే నా ల్యాప్‌టాప్ కన్ను మూసింది. నాలుగో రోజు నారాయణఖేడ్ వచ్చి, బస్ డిపో ఎదురుగా ఉన్న ఖాజా భాయ్ దుకాణంలో కూర్చున్నాను. జిరాక్స్ తీస్తాడు, టైపు చేస్తాడు. అసలు పేరు మాత్రం పెండ్లి కార్డులకు. చుట్టుపక్కల మండలాల్లో ఆయన కార్డు లేకుండా ఎవరి మెడలోనూ తాళి పడదు.

నేను చెబుతుంటే ఆయన టైపు చేశాడు. పత్రిక కోరినట్టే సంవత్సరాలు చివరికి జరిపాము, బిరుదులు తీసేశాము.

"డాక్టర్ గీక్టర్ అన్ని తీసేయాల్నా, చెల్లె?"

"తీసేయాలె భయ్యా."

"శ్రీ గూడ వద్దా?"

"వద్దంట."

"గీ పత్రికోడు ఎవల పెండ్లికి పోయినట్టు లేడు."

అంతా సవ్యంగా ముగిసేదే. కానీ ఆయన అలవాటు కొద్దీ జాబితాను పైనుంచి కిందికి చూశాడు. "మీ సార్ అంటివి, గాయన పేరేది?"

చూపించాను. ముప్పై ఒకటి. అందరికన్నా అడుగున.

ఖాజా భాయ్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. "గిదేంది చెల్లె. నీకు సదువు చెప్పినాయన్ని గాడ పడేసినవ్? ఒకటో నంబర్ల ఎవలున్నరు, నీకు చుట్టమా?"

"కాదు. ఎవరో తెల్వదు."

"తెల్వనోన్ని నెత్తిమీద కూసోబెట్టి, గురువును చెప్పుల కాడ కూసోబెడ్తవా? నాగల్‌గిద్ద దిక్కు ఒక కార్డుల మేనమామ పేరు కిందికి పోయింది. పెండ్లినాడు ఆ మేనమామ బస్టాండ్ల కూసున్నడు, లేవడు. మల్ల కార్డు కొట్టి బస్సుల పంపితే గప్పుడు లేసిండు. నీ సార్ గూడ దస్కత్ పెట్టేటోడే కదా?"

నిజమే, సార్ సంతకం లేకుండా పట్టా లేదు. పత్రికవారికి మర్యాద తెలియకపోతే మనకూ తెలియదా? సార్‌ను ఒకటో స్థానంలో కూర్చోబెట్టాను. మా హెడ్ సార్‌ను, అంటే శాఖాధిపతిని, రెండులో. ఇక మా సార్‌కు ఏళ్ల తరబడి పడని ఒక ప్రొఫెసర్ ఉన్నారు. ఆయన పేరు వినబడితే సార్ టీ సగంలో వదిలేస్తారు. గురుభక్తి పొంగి, ఆయనను ఈడ్చి ముప్పై ఒకటిలో పడేశాను.

మరి వ్యాసంలోని అంకెలు? వాటిని ముట్టుకోలేదు. ఒక్క అక్షరం మార్చరాదన్నారు కదా. నేను ఆజ్ఞ మీరే మనిషిని కాను.

"ఇగ జూడు, ఎంత కళ వచ్చిందో," అన్నాడు ఖాజా భాయ్. పంపేశాను. సార్‌కు కూడా ఒక ప్రతి పోయింది. మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ డిపోలో బస్సెక్కబోతుండగా ఫోన్ మోగింది.

"అనసూయా, నేను కందిని పూలకుండీల్ల పండించిన్నా?"

"లేదు సార్. ముప్పై ఏండ్ల నుంచి పొలాల్లనే కదా సార్."

"మరి నీ మొదటి వాక్యం చదువు."

సంచిలోని కాపీ తీసి చదివాను. "తొలి అధ్యయనం కుండీలకే పరిమితం కావడం వల్ల దాని ఫలితాలు పొలానికి పనికిరావు." పక్కన అంకె, ఒకటి.

"రెండోది గూడ చదువు. హెడ్ సార్ పక్కనే ఉన్నడు, ఆయన గూడ ఇంటడు."

"మరొక అధ్యయనంలో విత్తనాలు తారుమారైనట్టు..." అంకె, రెండు.

"మంచిది. ఇప్పుడు ఆఖరుది. మా తప్పులన్ని ఎవరు సరిదిద్దిండ్రో హెడ్ సార్‌కు చెప్పు."

"ఈ లోపాలన్నిటినీ తొలగించిన ఏకైక సమగ్ర పరిశోధన..." ముప్పై ఒకటి. ఆ పడని ప్రొఫెసర్ పేరు నా నోటితో నేనే చదివాను.

డిపోలో బస్సులు కూడా గౌరవంగా ఆగినట్టు అనిపించింది.

"ఆయన ఇన్నేండ్లు కొట్లాడి చేయలేని పని, నువ్వు ఒక్క పొద్దుల చేసినవ్."

"ఇజ్జత్‌గా ఉంటదని ముందట వేసిన సార్."

"నన్ను కింద పడేయ్ తల్లీ. నా ఇజ్జత్ ముప్పై ఒకటిలనే ఉన్నది. ఎడిటర్‌కు నేను రాస్త, తప్పు కాపీ పోయిందని. రేపు పొద్దుగూకేలోపల సరైంది పంపు."

మరునాడు మొదటి బస్సుకు మళ్లీ ఖాజా భాయ్ ముందు వాలాను.

"ఎవలన్న అలిగిండ్రా?"

"అలిగిండ్రు భయ్యా. ముందట వేసినందుకు."

ఆయన నన్ను జ్వరం వచ్చినవాళ్లను చూసినట్టు చూశాడు. "ముందట వేస్తే అలిగేటోళ్ల సంగతి ఇప్పుడే ఇంటున్న," అంటూ ముప్పై ఒక్క పేర్లనూ తిరిగి వాటి చోట్లకు చేర్చాడు.

గడువు లోపలే పంపాను. వ్యాసం అచ్చయింది, సార్ సంతకం పెట్టారు, పట్టా వచ్చింది. మోకాళ్ల రోగులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు.

అచ్చు ప్రతిని ఖాజా భాయ్‌కు తీసుకుపోయాను. సాయం చేసినవారికి కృతజ్ఞతలు చెప్పే చోట, పత్రికవారి అనుమతి అడిగి, ఆయన పేరు కూడా వేయించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని పైనుంచి కిందికి వేలు జరుపుతూ పోయాడు. వేలు పేజీ అడుగున ఆగింది.

"నా పేరు గింత కిందనా, చెల్లె?"

"మా సార్ చెప్పిండు భయ్యా, అసలు ఇజ్జత్ కిందనే ఉంటదట."

"మీ సార్‌కు ఉంటదేమో. నాకు పైననే ఉంటది," అని కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడూ తెప్పించే టీ ఆ రోజు తెప్పించలేదు.

కనుక చదువరులారా, మా చేనిలోని కంది మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట పెద్దలను గౌరవించాలనిపిస్తే ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను, అవసరమైతే వంగి పెడతాను. వారి పక్కనున్న అంకె జోలికి మాత్రం ఈ జన్మలో పోను. ఖాజా భాయ్ దుకాణానికి పోయినప్పుడు టీ కూడా ఇంటి దగ్గరే తాగి పోతాను.