అందరి ఇళ్ల బియ్యం

మొన్న మా ఇంట్లో ఒక ఘనకార్యం జరిగింది. అంగడి నుంచి వచ్చిన బియ్యం సంచులు విప్పి డబ్బాల్లో పొయ్యమని కోడలు చెబితే, నలభై దాటిన మా అబ్బాయి ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ, అన్నానికి తెచ్చిన సన్నబియ్యాన్నీ ఇడ్లీలకు తెచ్చిన ఉప్పుడు బియ్యాన్నీ ఒకే డబ్బాలో పోసి, పైగా బాగా సర్దుకునేలా కుదిపి మరీ మూత పెట్టాడు. కోడలు తల పట్టుకుని కూర్చుంది. నేను మాత్రం నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. తిరుపతిలో ఈ నాలుగో అంతస్తు వంటింట్లో నిలబడి ఆ డబ్బాలోకి చూస్తుంటే, డెబ్బైల చివర బంగారుపాళ్యం దగ్గర మా అత్తగారి ఊళ్లో జరిగిన కోతకాల పండుగ గుర్తుకొచ్చింది.

నా ఈడువాళ్లకు, అందులోనూ చర్చికి పోయే ఇళ్లలో పెరిగినవాళ్లకు, పిడికెడు బియ్యం అంటే చెప్పనక్కర్లేదు. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి, ఇది ప్రభువుది అనుకుని పక్కన ఒక ముంతలో వేసేది. ఇంట్లో తిండికి కటకటగా ఉన్న రోజున కూడా పిడికిలి కాస్త చిన్నదయ్యేది గానీ, ముంత మాత్రం మానేది కాదు. శనివారం వచ్చిందంటే మా అత్త గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలన్నీ గంపలో వంపుకుని వచ్చేది. మా వీధిలో కొత్తబియ్యం తినేవాళ్లుండేవాళ్లు, పాతబియ్యం తినేవాళ్లుండేవాళ్లు, సత్యవేడు నుంచి మా ఊరి బడికి బదిలీ అయివచ్చిన అయివారి ఇంట్లో మూడు పూటలా ఉప్పుడు బియ్యమే. అవన్నీ గంపలో కలిసిపోయేవి. ఒక్కో రకం ఒక్కోసేపటికి ఉడుకుతుంది గనక ఆ కలగాపులగాన్ని ఎవరూ అన్నం వండుకునేవాళ్లు కారు. ఆరాధన అయ్యాక వేలంలో పాడుకున్నవాళ్లు తీసుకుపోయి దోసెలకు నానబోసుకునేవాళ్లు.

అప్పట్లో నేను చిత్తూరు అవతల మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. కొత్తగా పెళ్లయి, తెల్లచీర కట్టుకుని, లోకాన్నంతా నేనొక్కదాన్నే బాగుచేస్తానన్న ధీమాతో బస్సెక్కేదాన్ని. ఆ ధీమా ఇప్పటికీ పూర్తిగా పోలేదని మా కోడలు అంటుంది. మా వార్డులో మా ఊరి అక్క ఒకామె ఉండేది. ఆమెకు వచ్చింది కుష్ఠు, ఊళ్లో దాన్ని పెద్దరోగం అనేవాళ్లు. మొగుడు వదిలేసి పోతే అన్నే తెచ్చి ఆసుపత్రిలో చేర్పించాడు. ఏళ్ల తరబడి మాత్రలు మింగి, పుండ్లు మాని, రోగం పూర్తిగా నయమైంది. కొన్ని వేళ్ల కొసలు మాత్రం పోయాయి, చేతులకు స్పర్శ లేదు. ఇక ఇంటికి పోవచ్చు అని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆ అక్క గోడవైపు తిరిగి పడుకుంది. పోవడానికి ఇల్లేదీ?

అన్న చెడ్డవాడు కాడు. మామిడితోట ఉంది, కాయల కాలంలో గోతాం నిండా పళ్లు మోసుకొచ్చి, గేటు దగ్గర నా చేతికిచ్చి, దూరం నుంచే చెల్లెల్ని చూసి పోయేవాడు. రోగం పోయింది గదా, తీసుకుపొమ్మని నేను గట్టిగానే అడిగాను. అతను నేల చూస్తూ అన్నాడు.

“మీరు సెప్తే నేను నమ్ముతా సిస్టరమ్మా. ఊరు నమ్మొద్దా? దాని సేతి కూడు ఊర్లో నలుగురు తినినారంటే, ఆ పొద్దే నేనొచ్చి తోలుకపోతా.”

ఈ మాట మా అత్త చెవిన వేసి, ఊళ్లోవాళ్ల మీద నాలుగు అక్షింతలు కూడా వేశాను. మా అత్త బియ్యం చెరుగుతూ విన్నది. ఆమెకు చదువూ లేదు, ఓర్పూ అంతంత మాత్రమే, కానీ ఒకటి చేయాలనుకుంటే ఇక ఎవరి మాటా వినేది కాదు. వచ్చే కోతకాల పండుగకు వేలం లేదనీ, పిడికెడు బియ్యమంతా చర్చి దగ్గరే వండి ప్రేమవిందు పెడతామనీ, ఆ అక్కే వండి వడ్డిస్తుందనీ తీర్మానించింది. ఎవరూ తినకపోతే ఏం చేస్తావు అత్తా అన్నాను.

“ఎవురింటి బియ్యం వాళ్లు వద్దంటారా మే?” అన్నది.

చర్చి అయ్యగారు మెత్తనివాడు, కాస్త భయపడ్డాడు గానీ, ప్రతి ఆదివారం ప్రేమ గురించి చెప్పే నోటితో కాదనలేకపోయాడు. ముందురోజే ఆ అక్కను ఆసుపత్రి నుంచి నేను వెంటబెట్టుకొచ్చాను. పండుగనాడు తెల్లవారకముందే చర్చి వెనక మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద అండా ఎక్కించాం. కబురు పంపితే అన్న వచ్చాడు గానీ, లోపలికి రాకుండా ముళ్లకంచె దగ్గర ఎద్దులబండి ఆపుకుని కూర్చున్నాడు. ఆ అక్క ఆ బండివైపు ఒక్కసారి చూసి, మళ్లీ తల ఎత్తలేదు.

నా ప్రాణమంతా ఆమె చేతుల మీదే ఉంది. స్పర్శ లేని చేతికి వేడి తెలియదు, బొబ్బ లేచి చూసుకుంటే తప్ప కాలినట్టే తెలియదు. అందుకని గుడ్డ చుట్టకుండా గరిటె పట్టుకోవద్దు, అండా అంచు ముట్టుకోవద్దు అని పక్కనే నిలబడి సతాయిస్తూనే ఉన్నాను. ఉడికిందో లేదో మెతుకు నలిపి చూడ్డానికి ఆమె వేళ్లకు తెలియదు కాబట్టి ఆ పని మా అత్త పుచ్చుకుంది. గరిటెతో తీసి, ఒక మెతుకు నలిపి, అయింది, గంజి వంచమంది. ఆరోజుదాకా మా అత్త వండినదంతా ఒకే ఇంటి బియ్యం. ఈ అండాలో ఉన్నవి ఊరందరి ఇళ్లవీ, ఒక్క మెతుకు చూస్తే చాలదు అన్న సంగతి ఆ హడావుడిలో ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆరాధన అయింది, విస్తళ్లు వేశారు, అందరూ బంతిలో కూర్చున్నారు. ఆ అక్క గుడ్డ చుట్టిన గరిటెతో అన్నం వడ్డించుకుంటూ వచ్చింది, వెనకాలే నేను గుమ్మడికాయ పులుసు పోసుకుంటూ వచ్చాను. అయ్యగారు ప్రార్థన ఎంత పొడుగ్గా చేయాలో అంత పొడుగ్గా చేసి ఆమెన్ అన్నాడు. ఒక్క చెయ్యీ విస్తరి మీదికి రాలేదు. ఎవరూ లేచి పోలేదు, ఊరికే కూర్చున్నారు. ఆరోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

అప్పుడు మా అత్త, ఎప్పుడూ అందరూ తిన్నాకే తినే మనిషి, బంతి మధ్యలో ఇరుక్కుని కూర్చుని, ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. మొహం అదోలా పెట్టింది. సగం మెతుకులు చిమిడిపోయాయి, సగం పలుకులు పలుకులుగా పంటికి తగులుతున్నాయి. ఆ అక్క గరిటె పట్టుకున్నచోటే బిగుసుకుపోయింది.

“మెతుకు నలిపి సూసింది నేను. సెడగొట్టింది నేనే,” అన్నది మా అత్త. “అయినా ఈ రాళ్లట్లా బియ్యం ఎవురింటియ్యో సెప్పండి.”

ఎవరో అయివారి ఇంటివైపు చూశారు. అయివారమ్మ ఊరుకునే మనిషి కాదు. మా ఉప్పుడు బియ్యం బంగారంలా ఉడుకుతాయి, కావాలంటే చూడండి అంటూ ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుని, నమిలి, ఇవి మావి కానే కావు, మునసబుగారింటి పాతబియ్యమని తేల్చింది. మునసబు భార్య ఒప్పుకుంటుందా? ఆమే ఒక ముద్ద తిన్నది. చిమిడినవి ఎవరివి, పలుకుగా ఉన్నవి ఎవరివి అని బంతి ఆ చివర నుంచి ఈ చివర దాకా వాదన లేచింది. ఎవరింటివో తేలాలంటే నోట్లో పెట్టుకోవాల్సిందే గదా. వేళాకోళాలు మొదలయ్యాయి, పులుసు ఇంకాస్త పొయ్యమన్నారు, పిల్లలు మారు అడిగారు. చూస్తుండగానే విస్తళ్లు ఖాళీ అయ్యాయి. మా అత్త కావాలనే అట్లా చేసిందని మా ఆయన చివరిదాకా వాదించేవాడు. నేను ఒప్పుకోను, ఆమెకు అంత తెలివి లేదు. ఆమెకు ఉన్నది నమ్మకం.

ఆ సందడిలో కంచె దాటి అన్న ఎప్పుడు వచ్చాడో చూడలేదు. బంతి చివర ఖాళీ విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. ఆ అక్క అతని దగ్గరికి వచ్చి, అతని మొహమే చూస్తూ గరిటె వంచింది, అన్నం సగం విస్తట్లో, సగం నేల మీద పడింది. అతను నేల మీద పడినదాన్ని కూడా ఎత్తి విస్తట్లో వేసుకుని, కలుపుకుని, మెల్లగా తిన్నాడు.

“అన్నం సరింగా ఉడకలా పాపా,” అన్నాడు తల ఎత్తకుండానే. “ఇంటికి పొయ్యినాక బాగా సేద్దువులే.”

నేను నర్సుని, కన్నీళ్లకు అంత తేలిగ్గా లొంగేదాన్ని కాను. కానీ ఆరోజు పులుసు బకెట్టు కింద పెట్టేసి గోడ చాటుకు పోయి ఏడ్చాను. తర్వాత వచ్చి ఆమె చేతులు తిప్పి తిప్పి చూశాను. ఒక్క బొబ్బ కూడా లేదు. సాయంత్రం ఎద్దులబండిలో అన్న పక్కన కూర్చుని ఆమె ఇంటికి పోయింది. అన్న పిల్లలు ఆమె చేతివంటతోనే పెరిగి పెద్దవాళ్లయ్యారు. తర్వాత ప్రతి కోతకాల పండుగకూ మా ఊళ్లో వేలం మానేసి, ఆమె చేత పిడికెడు బియ్యమే వండించేవాళ్లు. బాగా సేపు ఉడికించి ముద్దగా చేసేది, అయినా ఎక్కడో ఒక పలుకు తగిలేది, ఇది ఎవరింటిదని ఎవరో ఒకరు అడిగేవాళ్లు, అందరూ నవ్వేవాళ్లు. ప్రేమ, సేవ, నిరీక్షణ అని ఎన్నో ప్రసంగాలు విన్నాను, మంచివే. కానీ అవి నిజంగా జరిగే పనులే అని నాకు రూఢి అయింది ఆ ఉడకని అన్నం దగ్గరే.

ఇప్పుడు మా చర్చిలో గంప లేదు. కానుకలు ఫోనులో పంపుతారు, అదీ మంచిదే, నేనూ నేర్చుకున్నాను. ఆ రోగం పేరు వింటే పారిపోయేవాళ్లూ తగ్గారు, అది అన్నిటికన్నా మంచిది. పండుగకు మాత్రం బిర్యానీ పొట్లాలు హోటలు నుంచి వస్తాయి. అందరివీ ఒకే రకం, అన్నం మల్లెపూవులా విచ్చుకుని ఉంటుంది, పలుకన్నది లేదు. ఎవరి పొట్లం వాళ్లు తీసుకుని ఎవరి బండి వాళ్లెక్కి పోతారు. ఒక్క మెతుకు చూపించి ఇది ఎవరింటిదని అడగడానికి, పక్కన కూర్చున్నవాళ్లు ఎవరూ ఉండరు.