పాట మధ్యలో తిరుపతి మొబైల్స్

నాచారంలో తిరుపతి ముఖం తెలియనివాళ్లు ఉంటారు గానీ, అతని గొంతు వినని ఆటో లేదు. పాట హాయిగా సాగుతూ ఉంటుంది. వాయిద్యాలు కాస్త తగ్గేచోట బావిలోంచి పలికినట్టు ఒక మగ గొంతు లేస్తుంది: "తిరుపతి మొబైల్స్... నాచారం... నాచారం..." మళ్లీ పాట అందుకుంటుంది. ఆ గొంతు అతనిదే.

జనగామ వైపు నుంచి పంతొమ్మిదేళ్లప్పుడు వచ్చి, పారిశ్రామికవాడలో అట్టపెట్టెల కంపెనీలో ఆరేళ్లు చేసి, ఆ తర్వాత మెయిన్ రోడ్డు పక్క సందులో ఈ దుకాణం పెట్టుకున్నాడు. ఫోన్లు బాగుచేస్తాడు, రీఛార్జీలు చేస్తాడు, సౌండ్ బాక్సు కిరాయికిస్తాడు. కానీ పేరు తెచ్చింది మాత్రం పాటలు. ఆటోవాళ్లు, కంపెనీల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు మెమరీ కార్డో పెన్‌డ్రైవో ఇచ్చి చాయ్ తాగి వచ్చేలోపు నింపి పెడతాడు. ఎవరికే పాట నచ్చుతుందో మొఖం చూసి చెప్పగలడు. తన పాటలు పక్క దుకాణాలవాళ్లు కాపీ చేసుకుంటున్నారని కోపమొచ్చి, ప్రతి పాటలో తన పేరు ఇరికించడం మొదలుపెట్టాడు. తన పాటలు అనే అనుకునేవాడు. అందులో వింతేమీ కనబడలేదు అతనికి.

పేరు ఇరికించడానికీ ఒక పనితనం ఉంది. గొంతు మీద గొంతు పడితే రెండూ వినబడవు. చప్పుడు లేని చోటు వెతకాలి. శారదమ్మ పాటలో అలాంటి చోటు అతనికి చాలా సులువుగా దొరికింది.

ఆ పాట ఎవరో వాట్సాప్‌లో పంపారు. ఎవరు పాడారో రాసి లేదు, శారదమ్మ అనే ఆవిడని అప్పటికి అతనికి తెలియదు. నాట్లేసేటప్పటి పాట. "మడి దాటి రాయే ఓ చెల్లే, మబ్బు దిగుతున్నది" అని ఒక పెద్దావిడ పిలుస్తుంది. పిలిచి ఆగుతుంది. దాదాపు నాలుగు సెకన్లు ఏ చప్పుడూ ఉండదు. పాటలో మూడుసార్లు వస్తుంది ఆ ఖాళీ. మూడుచోట్లా తిరుపతి తన పేరు పెట్టాడు. అంత చక్కగా ఏ పాటలోనూ అమరలేదని ఇంట్లో భార్య అమూల్యకు వినిపించి మరీ సంబరపడ్డాడు. ఆ ఏడు ఉప్పల్ రింగురోడ్డు నుంచి మల్లాపూర్ దాకా ఏ ఆటో ఎక్కినా అదే పాట.

ఒక మధ్యాహ్నం ఫోను ఛార్జింగు ఎక్కడం లేదని ఒక పెద్దావిడ దుకాణానికొచ్చింది. రెడీమేడ్ బట్టల కంపెనీ గుర్తింపు కార్డు మెడలో ఉంది. పిన్ను మారుస్తానని ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. అప్పుడే బయట ఆగిన ఆటోలో ఆ పాట మొదలైంది. ఆవిడ తల వంచుకుని విన్నది. మొదటి ఖాళీ వచ్చింది, తిరుపతి పేరు మోగింది. ఆమె చేతిలోని సంచీ సర్దుకుంది.

"గది నా పాట బిడ్డా," అంది, కోపం లేకుండానే. కంపెనీలో దారాలు కత్తిరించే పని తనదని, మల్కాజిగిరిలో ఒక చిన్న స్టూడియోలో బిడ్డ త్రివేణి ఎనిమిది పాటలు పాడించిందని, పేరు శారదమ్మని చెప్పింది. ఆ తర్వాత అడిగింది. "మధ్యల తిరుపతి తిరుపతి అంటడు, ఎవలాయినె?"

స్క్రూ డ్రైవరు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "మా ఓనరే అమ్మా," అన్నాడు తిరుపతి. "ఇప్పుడు లేడు. నేను పనికుంట గంతే."

ఆ మాట ఎందుకన్నాడో ఆ క్షణంలో అతనికే తెలియదు. అన్నాక వెనక్కి తీసుకోవడం రాలేదు.

"వస్తే జర చెప్పు బిడ్డా," అంది శారదమ్మ. "గా జాగల నా తోడికోడలు అందుకునేది. 'వస్తున్ననక్కా' అనేది మడి అవుతలికెళ్లి. ఆమె పోయింది. స్టూడియోల వేరేటోళ్లను పెడ్తమన్నరు, నేనే వద్దన్న. ఆమె జాగ ఆమెకే ఇడిసిన. గది దుకాణం పేరుకని కాదు."

పిన్ను మార్చినందుకు డబ్బు తీసుకోనన్నాడు. "ఓనరు లెక్కడిగితే నీకు మాటొస్తది," అని ఆమె బల్ల మీద పెట్టిపోయింది.

ఆ రోజు నుంచి తిరుపతికి రోడ్డు మీద నడవడం కష్టమైంది. వెనకనుంచి ఆటో వస్తుంటే చెవులు వేడెక్కేవి. ఇదివరకు తన పేరు వినబడితే మెడ నిటారయ్యేది, ఇప్పుడు పక్క సందులోకి తిరిగేవాడు. కనీసం ఆ పాటొక్కటి కొనాలనుకున్నాడు. అమూల్యకు చెబితే ఆమె నవ్వింది. "పాటలు కొనుడేందయ్యా, మిఠాయి దుకాణపోడు బయట జిలేబి కొనుక్కున్నట్టు?"

కొనడం అతనికి తెలియదు. ఇరవై వేల పాటలు కంప్యూటర్లో ఉన్న మనిషి ఒక్క పాటైనా ఏనాడూ కొనలేదు. అందరూ వాడే ఒక పాటల యాప్ పెట్టుకుని నెల ప్యాకు కట్టాడు. శారదమ్మ పేరు కొడితే ఎనిమిది పాటలూ వచ్చాయి, అట్ట మీద ఆమె బొమ్మతో సహా. బాణం గుర్తు నొక్కాడు. పచ్చని టిక్కు పడింది. డౌన్‌లోడ్ అయిందంటే చేతికొచ్చిందనే అతని లెక్క. కార్డులోకి వేద్దామని ఫోన్లో ఫైలు కోసం వెతికితే ఎక్కడా కనబడలేదు. ఉంటే ఉండనీ, కొన్నాను కదా అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

నలభై రోజుల తర్వాత ఆటో బాలరాజు వచ్చాడు. బట్టల కంపెనీ ఆడవాళ్లను ఉప్పల్ నుంచి రోజూ తెచ్చి దింపేవాడు అతనే. "బావా, శారదమ్మ రిటైరైతున్నది. ఐతారం మల్లాపూర్ల ఫంక్షను. నీ సౌండ్ బాక్సు కావాలె," అన్నాడు. తిరుపతి వేరేవాళ్లను పంపవచ్చు. రాత్రంతా ఆలోచించి తానే వెళ్లాలనుకున్నాడు. కొన్న పాట, తన గొంతు లేని పాట, ఆమె ముందు వినిపించాలి. ఆ తర్వాత ఓనర్ని నేనేనమ్మా అని చెప్పాలి. ముందు మంచి పని, తర్వాత తప్పు ఒప్పుకోవడం. ఆ వరసలో అయితే నోరు పెగులుతుందనుకున్నాడు.

ఫంక్షన్ హాలు సెల్లారులో ఉంది. శాలువా కప్పారు, మేనేజరు రెండు ముక్కలు మాట్లాడాడు, ఇక అమ్మ పాట పెట్టమన్నారు. తిరుపతి ఫోను తగిలించి పాట నొక్కాడు. మోగలేదు. పాట పేరు బూడిద రంగులోకి తిరిగి ఉంది. మీ ప్యాకు ముగిసింది, పునరుద్ధరించుకోండి అని రాసి ఉంది. కడదామంటే ఆ నేలమాళిగలో సిగ్నల్ లేదు. పచ్చని టిక్కు అలాగే ఉంది, పాట మాత్రం తనది కాదు. ఫోను పట్టుకుని మెట్ల దాకా పోయాడు, తిరిగొచ్చాడు. వంద మంది చూస్తున్నారు. వెనకనుంచి ఎవరో, పాటల తిరుపతికే పాట దొరకదాయె అన్నారు. అందరూ నవ్వారు.

"మన తాన ఉండంగ ఫికరెందుకు బావా," అని బాలరాజు తన ఆటోలోని పెన్‌డ్రైవు తెచ్చి, తిరుపతి చెయ్యి అడ్డం పెట్టేలోపు బాక్సుకు గుచ్చేశాడు.

శారదమ్మ గొంతు హాలంతా నిండింది. చెల్లెను పిలిచింది. ఆగింది. నాలుగు పెద్ద స్పీకర్లలోంచి తిరుపతి పేరు నాచారం నాచారమంటూ గోడలకు కొట్టుకుంది. జనం చప్పట్లు కొట్టారు. "మనోడే, మనోడే," అని బాలరాజు అతని భుజం పట్టుకుని ముందుకు నెట్టాడు. శారదమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆమె శాలువా సర్దుకుని, అతనికొక్కడికే వినబడేట్టు అడిగింది.

"మీ ఓనరొచ్చిండా బిడ్డా?"

పాట ఇంకా అయిపోలేదు. ఇంకా రెండు ఖాళీలు ఉన్నాయి. రెండింటికీ అతను ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

వైర్లు చుట్టుకునే వేళ త్రివేణి బాక్సు దగ్గరికొచ్చింది. పోచారంలో ఐటీ ఆఫీసు ముందుగదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకునే ఉద్యోగం ఆ పిల్లది. అమ్మ పాట నిజంగా కొనాలంటే ఎట్లా అని తిరుపతి తలెత్తకుండా అడిగాడు. యాప్ అంటే కిరాయి ఇల్లన్నా, నెల కట్టినన్నాళ్లే అని ఆమె చెప్పింది. అందులో నెలంతా విన్నా అమ్మకు ఒక చాయ్ డబ్బులు కూడా రావట. పాటలమ్మే వెబ్‌సైటు ఒకటుంది, అందులో ఒక్కసారి కొంటే ఫైలు మనదే, ఎవరూ వెనక్కి తీసుకోరు అంది. ఇప్పటిదాకా ఎంతమంది కొన్నారని అడిగాడు.

"పదకొండు మంది. అందుల ఏడుగురు మా ఆఫీసోళ్లే."

ఎన్ని కార్డుల్లో ఆ పాట తాను నింపాడో తిరుపతి లెక్కేసుకోలేదు. లెక్కేసుకోవడానికి ధైర్యం చాలలేదు.

ఇంటికొచ్చి కొన్నాడు. ఈసారి ఫైలు నిజంగానే ఫోన్లోకి దిగింది, పేరుతో, ఇన్ని ఎంబీలన్న బరువుతో. సొంతానికి వినవచ్చు, ఇతరులకు పంచరాదు అని కింద రాసి ఉంటే మొదటిసారి అలాంటి వాక్యం చివరిదాకా చదివాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఖాళీ దగ్గరికి వెళ్లాడు. అది ఖాళీ కాదు. ఆమె ఊపిరి తీసుకోవడం ఉంది. గాజు ఒకటి కదిలింది. దూరంగా స్టూడియో ఫ్యాను తిరుగుతోంది. ఎవరో జవాబిస్తారని ఎదురుచూస్తున్న మనిషి అక్కడ ఉంది. ఆమె మీద తాను మూడుసార్లు అరిచాడు.

కొన్నవాళ్లు గాయనికి ఒక మాట రాయవచ్చని పేజీలో చిన్న గడి ఉంది. తిరుపతి చాలాసేపు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టాడు. "అమ్మా, ఓనరుకు చెప్పుమన్నరు. చెప్పిన. ఓనర్ను నేనే. తప్పయింది." పంపగానే జవాబొచ్చింది: మీ కొనుగోలుకు ధన్యవాదాలు. అది యంత్రం పంపిందని తెలిసినా రెండుసార్లు చదువుకున్నాడు. శారదమ్మ నుంచి ఏ కబురూ రాలేదు. ఆమె చదివించుకుందో లేదో త్రివేణిని అడగడానికి మొఖం చెల్లలేదు.

దుకాణం కంప్యూటర్లో ఆ పాట తీసేశాడు. పాటల్లో పేరు పెట్టడం మానేశాడు. కార్డు తెచ్చినవాళ్లకు శారదమ్మ పాట కావాలంటే కొనుక్కునే దారి చూపిస్తానంటున్నాడు. వాళ్లు పక్క దుకాణానికి పోతున్నారు.

మొన్న ఉప్పల్‌కు ఆటో ఎక్కాడు. డ్రైవరు కొత్త మనిషి, నాగారం నుంచి వస్తున్నానన్నాడు. పాట మొదలైంది. తిరుపతి రాడ్డు గట్టిగా పట్టుకున్నాడు. మొదటి ఖాళీలో గొంతు లేచింది. డ్రైవరు దాన్ని అనుకరిస్తూ నాచారం, నాచారం అన్నాడు. "ఈ తిరుపతి ఎవడో గానీ మంచి పాటలు ఏస్తడన్న. దుకాణం యాడుంటదో ఎరికేనా?"

"నేనే," అన్నాడు తిరుపతి.

డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు. "మస్తు జోకులేస్తవన్నా."

"జోకు కాదు. దుకాణానికి రా, పైసలేం వద్దు. గా గొంతు లేని పాట యాడ కొనాల్నో సూపిస్త."

"ఎందుకన్నా," అన్నాడు అతను గేరు మారుస్తూ. "గదుంటేనే పాట లెక్క ఉంటది."

రింగురోడ్డు దగ్గర సిగ్నల్ పడింది. శారదమ్మ రెండోసారి చెల్లెను పిలిచి ఆగింది. తిరుపతి తల వంచుకున్నాడు.