ముందు పెట్టిన బోర్సోక్

బురుల్సున్‌ది చిన్నప్పటి నుంచీ ఎదురు చెప్పే నోరు. నారిన్ కొండల్లో గొర్రెలు కాసే ఇంట పుట్టి, రాజధాని బిష్కెక్‌లో మనస్తత్వశాస్త్ర పరిశోధన దాకా వచ్చిందంటే ఆ నోటి చలవే. చివరికి ఆ పరిశోధన పట్టాకి ముప్పు తెచ్చిందీ ఆ నోరే.

గురువు తోల్కున్‌బెక్ అప్పగించిన పరీక్ష చాలా తేలిక. పిల్ల ముందు ఒక మిఠాయి పెట్టి, "నేనొచ్చేదాకా ముట్టకుంటే రెండిస్తా" అని బయటికి పోవాలి. ముట్టకపోతే ఓపిక ఉన్నట్టు, ముడితే లేనట్టు. బురుల్సున్ తన ఊరి బాలవాడికే వెళ్లింది. మంచుకి దారి మూసుకుపోయి కొట్లో మిఠాయిల్లేవు. పిన్ని పిండి ముక్కల్ని నూనెలో వేయించి బోర్సోక్ రొట్టెలు చేసిస్తే, పిల్లలకి ఇష్టమే కదా అని అవే పెట్టింది. కొంప మునిగింది అక్కడే.

తలుపు మూసీ మూయకముందే ప్రతి పిల్లా ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. మిగిలింది పళ్లెంలోనే ఉంచింది.

"ఆగమన్నాను కదే!" అని ఐజిరెక్ అనే పిల్లని కసిరింది బురుల్సున్.

"ఆగాను కదక్కా! మొత్తం తిన్నానా ఏంటి?" ఆ పిల్ల కయ్యిమంది. "రొట్టె ముందు పెడితే ఒక్క ముక్కైనా ముట్టకపోతే ఆ ఇంటికి అవమానం. మా అవ్వ తంతుంది!"

బురుల్సున్ తల పట్టుకుంది. తనూ ఆ రొట్టె తిని పెరిగినదే, ఆ మాత్రం తట్టలేదు!

బిష్కెక్‌లో గురువు వినలేదు.

"తిన్నారా లేదా? తిన్నారు. కొండ పిల్లలకి ఓపిక లేదని రాయి. రాయకపోతే నీ పట్టా మీద నా సంతకం ఉండదు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు టీతో పాటు పళ్లెం నిండా బోర్సోక్‌లు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"రాయను మాస్టారూ. పిల్లలు తిన్నది మర్యాద కోసం. తప్పు పరీక్షది, నాది. వాళ్ల నెత్తిన రుద్దను."

"మనిషి బుర్రలో ఉన్నదంతా లెక్కేస్తూ కూర్చుంటే శాస్త్రం ముందుకెళ్తుందా?"

"వెళ్లకపోతే ఆగనీండి. అబద్ధం మోసుకుని ఎక్కడికి వెళ్తుంది?"

తోల్కున్‌బెక్ మొహం కందగడ్డయింది. "నీతో నాకు మాటలేంటి!" అంటూ కోటు అందుకుని లేచాడు. కళ్లు ఆమెనే ఉరిమి చూస్తున్నాయి. చెయ్యి మాత్రం తనంతట తాను పళ్లెంలోకి పోయి, ఓ ముక్క తుంచి నోట్లో పెట్టింది. శత్రువు ఇంట్లోనైనా రొట్టె ముట్టకుండా లేవడం ఎరగని చెయ్యి అది.

"మీకూ ఓపిక లేదు మాస్టారూ," అంది బురుల్సున్. "రాసుకోనా?"

ఉమ్మడానికి వీల్లేదు, అది రొట్టె. మింగుడు పడటమూ లేదు. ఆయన బుగ్గలో ముక్కతో అలాగే నిలబడ్డాడు.

సంతకం ఆయన పెట్టలేదు, కొండ పిల్లలకి ఓపిక లేదని ఆమె రాయనూ లేదు. పళ్లెం తీసుకుని నారిన్ బస్సెక్కింది.